సిద్ధుల కొండ, కరెంటు కొండ: అడవి దారిన శ్రీశైలం

మంత్రంతోనూ కరెంటుతోనూ వెలిగే కొండ మీది పట్నం గురించి కథ చెబితే పిల్లలు కన్నార్పకుండా వింటారు. అలాంటి పట్నం మనకు నల్లమలలో నిజంగానే ఉంది, అదే శ్రీశైలం. పొద్దున బస్సెక్కి, మధ్యాహ్నం దర్శనం చేసుకుని, సాయంత్రానికి తిరుగు బస్సు పట్టుకునే హడావిడిలో దాన్ని అలా చూసే తీరిక మనకు దొరకదు.

శ్రీశైలానికి పాతపేరు శ్రీపర్వతం. ఏడో శతాబ్దంలో సంస్కృత కవి బాణుడి నాటికే శ్రీపర్వతం అంటే వింతలకూ సిద్ధులకూ నెలవని ఉత్తరదేశమంతా పేరు. ఎనిమిదో శతాబ్దపు భవభూతి రాసిన మాలతీమాధవం నాటకంలో సౌదామిని అనే యోగిని మంత్రసిద్ధి పొందింది ఈ కొండ మీదే. ఆకాశంలో ఎగిరి వచ్చి నాయికను కాపాడేది ఆమే. ఆ నాయికను చంపడానికి కాపాలిక కపాలకుండల ఎత్తుకుపోయేదీ ఇక్కడికే. రక్షించే శక్తి, భక్షించే శక్తి రెండూ ఒకే కొండ మీద ఉంటాయని ఆనాటి ప్రేక్షకులకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. అదే కొండ కాళ్ళ దగ్గర కృష్ణమ్మను నిలబెట్టి 1982 నుంచి కరెంటు తీస్తున్నాం. మంత్రశక్తి, కరెంటు శక్తి రెండిటినీ ఒకే యాత్రలో చూడాలన్న కోరికతో శివరాత్రికి ముందు బయలుదేరాను. తోడు మా చిన్నాన్న. ఆయన ఏటా నడిచి వెళ్ళే మనిషి.

మొదటి రోజు: వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు

ఆత్మకూరులో ఆటో ఎక్కి వెంకటాపురంలో దిగాం. అక్కడి నుంచి అడవి. అటవీశాఖ వాళ్ళు సంచులు విప్పించి ప్లాస్టిక్ కవర్లు తీయిస్తున్నారు. ఈ కాలిబాట పులుల అభయారణ్యంలోంచి పోతుంది కాబట్టి జనాన్ని గుంపుగా పంపేది ఈ పండగ రోజుల్లోనే. చిన్నాన్న నా చేతికి కర్ర ఇచ్చి, "కాలికింద సూడు, కొండకెల్లి సూడాకు. కొండనే సూస్తాంటే అది పెద్దదైతాది" అన్నాడు.

ఆకు రాలిన అడవిలో మోదుగలు ఎర్రగా విరగబూసి ఉన్నాయి. నల్లమద్ది, ఏగి, తునికి, అక్కడక్కడ వెదురు. దారి పొడవునా జనమే. కర్నూలు, అనంతపురం పల్లెల వాళ్ళు, రాయచూరు, బళ్ళారి వైపు నుంచి వచ్చిన కన్నడ భక్తులు, జ్యోతిర్ముడి నెత్తిన పెట్టుకున్న శివదీక్ష స్వాములు. ముందు గుంపు "చేదుకో మల్లన్నా" అని అరిస్తే వెనక గుంపు "ఆదుకో మల్లన్నా" అని అందుకుంటుంది. ఎక్కుడు వచ్చినప్పుడల్లా ఆ కేక పెద్దదవుతుంది. ఊపిరి అందక నోరు మూసుకుంటే కాళ్ళు బరువెక్కుతాయి, అరిస్తే తేలికవుతాయి. అదెలాగో చెప్పలేను గానీ నడిచి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

నాగలూటిలో వీరభద్రుడి గుడి, పక్కన కోనేరు. రాతిమెట్ల దారి బాగా కనిపించేది ఇక్కడి నుంచే. పద్నాలుగో శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడని చదివిన మాట గుర్తొచ్చి వంగి చూశాను. కొన్ని బండలు నడిమధ్యలో పాదం పట్టేంత పల్లంగా అరిగి, నున్నగా మెరుస్తున్నాయి. అంచులు మాత్రం ఉలి దెబ్బలతో ఇంకా గరుకుగానే ఉన్నాయి. ఒక పక్క ఉలి పెట్టినవాడి చెయ్యి, ఇంకో పక్క ఆరేడు వందల ఏళ్ళుగా తొక్కిన కాళ్ళు. చెప్పులు విప్పి ఆ పల్లంలో పాదం పెట్టాను. ఎండకు బండ కాగి ఉంది.

ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి ఈ అడవి దారినే శ్రీశైలం ఎక్కాడు. తెలుగులో యాత్రా రచనకు ఒరవడి పెట్టిన మనిషి. కందనూరు (ఇప్పటి కర్నూలు) నవాబు మనుషులు యాత్రికుల దగ్గర పన్ను వసూలు చేసే కాలం అది. ఆ రోజుల్లో ఈ కొండకు రావడమంటే జ్వరానికీ, దొంగలకూ, జంతువులకూ సిద్ధపడి రావడమే. ఇప్పుడు దారి పొడవునా మంచినీళ్ళ డ్రమ్ములు, మజ్జిగ పందిళ్ళు, అన్నదానాలు ఉన్నాయి. పందిట్లో వడ్డిస్తున్న ఒకామె మా ఇద్దరి విస్తళ్ళలో రెండోసారి అన్నం పెట్టి, "తినండయ్యా, ముందర ఎక్కుడుంది" అంది.

రాత్రికి పెద్దచెరువు. పేరుకు తగ్గట్టు అడవి మధ్యలో పెద్ద చెరువే. గట్టు కింద చెంచుగూడెం. అన్నదానం పందిట్లో జనరేటరు పెట్టి ట్యూబులైట్లు వెలిగించారు. గూడెంలో మాత్రం ఒక కమ్మీకి సోలారు దీపం, రెండు మూడు ఇళ్ళ ముందు పొయ్యి మంటలు. ఒక చెంచు పెద్దావిడ దగ్గర కూర్చుని మాట కలిపాను. "మల్లయ్య మాకు అల్లుడు. మా పిల్లనే చేసుకున్నాడు" అంది, నిన్న మొన్న జరిగిన పెళ్ళి గురించి చెప్పినట్టు. వేటకొచ్చిన శివుడు చెంచుపిల్లను చూసి మనసుపడిన కథ అది. ఆ కథ వల్ల చెంచులకు గుడిలో ఇప్పటికీ మర్యాదలున్నాయి.

నేను కరెంటు సంగతి అడిగాను. ఆమె సోలారు దీపం వైపు చెయ్యి చూపి, "మబ్బు పడితే అదీ ఉండదు" అంది. పులుల అడవి నడిమధ్యలో స్తంభాలు పాతి తీగలు లాగడం తేలికైన పని కాదని నాకు తెలుసు. ఏనుగుల్ని, జింకల్ని తీగలకు బలిపెట్టిన అడవులు దేశంలో చాలా ఉన్నాయి కాబట్టి ఆ నిబంధనలు ఉండాల్సిందే. అయినా, గుట్టకు ఆవల కృష్ణ రెండు గట్ల మీదా కలిపి 1,670 మెగావాట్ల యంత్రాలుండగా ఆ యంత్రాలకు అందరికన్నా దగ్గర్లో ఉన్న మనుషులు మబ్బును చూసి దీపం ఆశ వదులుకోవాల్సి రావడం న్యాయం కాదు. పెద్ద సోలారు పలకలు, మంచి బ్యాటరీలు ఇవ్వడానికి అడవికి ఏ నష్టమూ లేదు.

రెండో రోజు: భీముని కొలను

తెల్లవారుజామునే లేచి నడక. మఠంబావి దాటాక దారి ఉన్నట్టుండి లోయలోకి పడిపోతుంది. భీముని కొలను దిగడం ఒక పరీక్ష, అవతలి గట్టు ఎక్కడం అంతకు మించిన పరీక్ష. మోకాళ్ళ ఎత్తు మెట్లు. ఒక కన్నడ ముసలావిడ రెండు చేతులూ మెట్టు మీద ఆనించి, "అమ్మా భ్రమరాంబా" అనుకుంటూ ఒక్కో మెట్టే ఎక్కుతోంది. భ్రమరాంబను కన్నడిగులు తమ ఇంటి ఆడపడుచుగా చూసుకుంటారు. ఆమె సంచిలో పసుపు, కుంకుమ, రవికె గుడ్డ ఉన్నాయి. చిన్నాన్న ఆ సంచి అందుకోబోతే ఇవ్వలేదు.

కైలాసద్వారం దగ్గర ఎక్కుడు అయిపోతుంది. అక్కడ జనం బండల మీద పడుకుని ఆకాశం చూస్తున్నారు. అక్కడి నుంచి హాటకేశ్వరం మీదుగా ఊళ్ళోకి వచ్చేసరికి చీకటి పడింది. రెండు రోజులు అడవిలో ఉన్న కళ్ళకు గోపురాల మీద దీపాల తోరణాలు ఎంత వెలుగు! కొండ నెత్తిన నగరం అన్న మాట అప్పుడే నిజమనిపించింది. సత్రంలో చోటు దొరికింది, పడుకున్నాం.

మూడో రోజు: గోడ మీద సిద్ధులు

రద్దీ రోజుల్లో స్పర్శ దర్శనం ఉండదు, దూరం నుంచి అలంకార దర్శనమే. దర్శనం తర్వాత నేను ఎక్కువసేపు గడిపింది గుడి చుట్టూ ఉన్న ప్రాకారం బయట. విజయనగర కాలపు గోడ అది. కోటగోడలా ఎత్తుగా, బరువుగా ఉంటుంది. వరసలు వరసలుగా ఏనుగులు, గుర్రాలు, వేటలు, మల్లయుద్ధాలు, శివకథలు. వాటి మధ్య వెతికితే సిద్ధులు కనిపిస్తారు. చేప మీద కూర్చున్న నాథ సిద్ధుడు మత్స్యేంద్రుణ్ణి వెతికి పట్టుకున్నాను. చేప పొలుసులు ఒక్కోటీ విడివిడిగా చెక్కి ఉన్నాయి, దాని మీద కూర్చున్న ఆయన మాత్రం ఇంట్లో పీట మీద కూర్చున్నంత నింపాదిగా ఉన్నాడు. కాళ్ళూ చేతులూ నరికించుకుని సిద్ధుడి కరుణతో తిరిగి పొందిన సారంగధరుడి పేరిట ఊళ్ళో ఒక మఠమే ఉంది. రాజమహేంద్రవరం కథను మన నాటకాలవాళ్ళు ఊరూరా ఏడిపిస్తూ ఆడారు గానీ, ఆ కథ కొస ఈ కొండ మీది సిద్ధుల చేతిలో ఉంది. ఈ నాథుల చరిత్రను పదిహేనో శతాబ్దంలో గౌరన తెలుగు ద్విపదలో రాసిందీ ఇక్కడి భిక్షావృత్తి మఠాధిపతి కోరిక మీదే.

గుడికి దగ్గర్లోనే ఘంటామఠం. బాగుచేసే పనుల్లో ఇక్కడ రాగిరేకులు, పాత నాణేలు బయటపడటం పేపర్లో చదివే ఉంటారు. ఈ మఠం కథ నాకు చాలా ఇష్టం. ముగ్గురు సాధకులు ఉపవాసం ఉండాలి. ఒకరు నీళ్ళు తోడి తేవాలి, ఒకరు లింగం మీద పోయాలి, ఒకరు గంట కొట్టాలి. రాత్రంతా తోడటం, పోయడం, మోగించడం తెగకుండా సాగితే ఆకాశగమనం సిద్ధిస్తుందట. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు, ముగ్గురిలో ఎవరు కునికినా అంతా పోయినట్టే. నీరు ఆగకుండా పడుతుంటే శక్తి పుడుతుందని ఊహించిన ఆ మనసు ఎవరిదో గానీ, మర్నాడు డ్యాము దగ్గర నిలబడ్డప్పుడు ఆ కథ నన్ను వదల్లేదు.

పాదరసం సిద్ధిస్తే ఈ లోకంలో దరిద్రమన్నదే లేకుండా చేస్తానని నాగార్జునుడు ప్రతిన పూనాడని రసవాదుల సంప్రదాయం. ఈ కొండను బంగారం చేయబోయాడన్న కథలూ ఉన్నాయి. బంగారం మీద ఆశతో వచ్చినవాళ్ళు ఎందరో ఉండి ఉంటారు. అందరి దరిద్రం పోగొడతానని వచ్చినవాడు ఒక్కడున్నా చాలు, ఈ కొండ మీద చేసిన సాధనకు గౌరవం దక్కుతుంది.

ఆ గౌరవం పక్కనే భయపెట్టే చోటు కూడా ఉంది. రెడ్డి రాజు అనవేముడు పద్నాలుగో శతాబ్దంలో కట్టించిన వీరశిరోమండపం. వీరశైవ భక్తులు ఇక్కడ తలలూ నాలుకలూ కోసి దేవుడికి అర్పించుకున్నారని శాసనం. జనం ఆ మండపంలోంచే నడిచి దర్శనానికి పోతున్నారు. నేను స్తంభం పక్కన ఒక నిమిషం ఆగాను. శక్తి కావాలంటే ఏదో ఒకటి ఇచ్చుకోవాలని ఈ కొండ మొదటి నుంచీ అడుగుతూనే ఉంది. ఇచ్చేది ఎవరు, పొందేది ఎవరు అన్నదే ప్రశ్న. ఆ వీరులు ఇచ్చుకున్నది వాళ్ళ తలల్నే.

సాయంత్రం అమ్మవారి గుడి వెనక్కి వెళ్ళాం. అక్కడ గోడకు చెవి ఆనించి వింటే భ్రమర నాదం వినిపిస్తుందని నమ్మకం. అరుణాసురుణ్ణి చంపడానికి అమ్మవారు తుమ్మెదలై కమ్ముకున్న నాదం. వరస కట్టి ఒక్కొక్కరే చెవి పెడుతున్నారు. నా వంతు వచ్చింది. రాయి చల్లగా ఉంది. ముందు నా గుండె చప్పుడు, వెనకాల జనం గోల. తర్వాత వాటన్నిటి అడుగున సన్నగా, ఎడతెగకుండా ఒక ఝుంకారం. నా వెనకున్న పాప "వినిపించిందా?" అని అడిగింది. వినిపించిందన్నాను.

నాలుగో రోజు: సుండిపెంట, లింగాలగట్టు

పొద్దున్నే పాతాళగంగకు దిగాం. హరిహరరాయల రాణి విఠలాంబ పద్నాలుగో శతాబ్దం చివర వేయించిన మెట్లున్న చోటు. జలాశయం వచ్చాక అడుగు మెట్లు కొన్ని నీళ్ళలోకి వెళ్ళిపోయాయి. ఇప్పుడు రోప్‌వే కూడా ఉంది గానీ చిన్నాన్న మెట్ల దారే పట్టాడు.

అక్కడి నుంచి బస్సులో సుండిపెంట. డ్యాము కట్టడానికి వచ్చినవాళ్ళ కోసం వెలసిన ఊరు. ఒకే రకం క్వార్టర్లు, వేపచెట్లు, కొన్ని ఇళ్ళకు తాళాలు. ప్రాజెక్టులో ఆపరేటరుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన చిన్నాన్నకు తెలుసు. ఆయన మమ్మల్ని వెంటబెట్టుకుని లింగాలగట్టు దాకా వచ్చాడు. పవర్‌హౌసు లోపలికి మామూలు జనాన్ని పోనివ్వరు. డ్యాము దిగువ వంతెన మీద నిలబడే చూడాలి, అదే చాలు.

రెండు కొండల మధ్య 512 మీటర్ల పొడవున గోడ. ఎత్తు 145 మీటర్లు. పన్నెండు గేట్లు. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. కుడిగట్టున ఏడు యూనిట్లు, ఒక్కోటి 110 మెగావాట్లు. ఎడమగట్టున కొండ కడుపులో తొలిచిన గుహలో ఆరు యూనిట్లు, ఒక్కోటి 150 మెగావాట్లు. కుడిగట్టు ఆంధ్రప్రదేశ్‌ది, ఎడమగట్టు తెలంగాణది.

పెద్దాయన లెక్క చెప్పే తీరు బాగుంది. "ఇక్కడ నిండితే 885 అడుగులు. కింద సాగరు నిండితే 590. సాగరు నీళ్ళు వెనక్కి ఎగబాకి మన డ్యాము పాదాల దాకా వస్తాయి. రెండూ నిండినా మధ్యలో 295 అడుగుల తేడా. ఆ తేడానే మన కరెంటు" అన్నాడు. దాదాపు 90 మీటర్లు. సెకనుకు ఒక ఘనపు మీటరు నీరు అంత ఎత్తు నుంచి పడితే సుమారు 800 కిలోవాట్లు తీయవచ్చు. 110 మెగావాట్ల యూనిట్ పూర్తిగా తిరగాలంటే సెకనుకు నాలుగైదు వేల ఘనపుటడుగుల నీళ్ళు దాని గొంతులో పోయాలి. నీళ్ళు తోడేవాడు మేఘం, పోసేది పెన్‌స్టాకు అనే పెద్ద గొట్టం, తిరిగేది టర్బైను. ఘంటామఠం ముగ్గురూ గుర్తొచ్చారు.

ఎడమగట్టు యంత్రాల సంగతి ఇంకా అబ్బురం. అవి అవసరమైతే వెనక్కి తిరుగుతాయి. కరెంటుకు గిరాకీ ఉన్నప్పుడు నీటిని కిందికి వదిలి కరెంటు తీస్తాయి. గిరాకీ తగ్గిన వేళ, గ్రిడ్‌లో మిగిలిన కరెంటు తీసుకుని దిగువ నీటిని మళ్ళీ పైకి తోడి పోస్తాయి. తోడటానికి పట్టేది, తిరిగి వచ్చేదానికన్నా ఎక్కువే. అయినా ఎక్కువున్నప్పటి కరెంటును చాలనప్పటికి దాచిపెట్టడానికి ఇది చాలా పెద్ద కొట్టు. ఎండ కరెంటు, గాలి కరెంటు పెరుగుతున్న ఈ రోజుల్లో ఈ కొండ చేసే పని విలువ మరింత పెరుగుతుంది.

స్విచ్‌యార్డు కంచె పక్కన నడుస్తుంటే ఝుంకారం మొదలైంది. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు. ఒక్కో ఆవృత్తిలో రెండుసార్లు ట్రాన్స్‌ఫార్మర్ ఇనుప గుండె అయస్కాంతమై సాగి ముడుచుకుంటుంది, అంటే సెకనుకు వంద కంపనలు. ఆ రొదే అది. నిన్న సాయంత్రం గోడకు చెవి పెట్టి విన్నదానికీ దీనికీ నాకు తేడా తోచలేదు. ఆ మాట పెద్దాయనతో అంటే, "నైట్ డ్యూటీలో మేమూ అదే అనుకునేవాళ్ళం. అమ్మ పలుకుతాంది, యూనిట్ బాగుందని. రొద మారితే భయం" అన్నాడు.

ఎడమగట్టు వైపు చూస్తూ ఆయన చాలాసేపు మాట్లాడలేదు. 2020 ఆగస్టు 20 రాత్రి ఆ భూగర్భ కేంద్రంలో మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. సొరంగంలో పొగ నిండింది. తర్వాత యూనిట్లను బాగుచేసుకున్నాం, మనుషుల్ని తెచ్చుకోలేం. అంతకు ముందు 2009 అక్టోబరులో కృష్ణకు దాదాపు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చి, 885 దగ్గర ఆగాల్సిన నీరు 896 అడుగులు దాటింది. ఆ రాత్రుల్లో డ్యూటీలో ఉన్నవాళ్ళెవరూ డ్యాము వదిలి పోలేదని ఆయన చెప్పాడు. చెబుతున్నప్పుడు ఆయన గొంతులో గర్వం దాచుకోలేదు, దాచుకోవాల్సిన అవసరమూ లేదు. మన ఇంట్లో స్విచ్ వేసినప్పుడు దీపం వెలగడం వెనక ఇలాంటి మనుషుల రాత్రులున్నాయి.

లింగాలగట్టులో చేపల పులుసుతో అన్నం తిన్నాం. వండిపెట్టినాయన తండ్రి శ్రీకాకుళం నుంచి వల భుజాన వేసుకుని వచ్చి ఇక్కడే ఉండిపోయాడట.

ఐదో రోజు: శివరాత్రి

పగలంతా జనసంద్రం. దాని గురించి చెప్పడం మొదలుపెడితే ఆగదు, రాత్రి సంగతికి వస్తాను.

శివరాత్రి నాడు లింగోద్భవ కాలానికి స్వామికి మహారుద్రాభిషేకం, ఆ తర్వాత కల్యాణం. వాటితో పాటు పాగాలంకరణ. పెళ్ళికొడుకైన మల్లన్నకు తలపాగా చుట్టాలి. ఆ పాగా నేసేది చీరాల ప్రాంతపు చేనేత కుటుంబం. రోజుకో మూర చొప్పున ఏడాది పొడవునా నేసిన వస్త్రం. దాన్ని విమాన శిఖరం నుంచి ముఖమండపం మీది నందుల దాకా చుట్టుకుంటూ రావాలి. చుట్టేవాడు దిగంబరుడై చుట్టాలి. అందుకని ఆ సమయానికి గుడిలో కరెంటు దీపాలన్నీ ఆర్పేస్తారు.

మేము దూరంగా, శిఖరం కనిపించేలా నిలబడ్డాం. మైకులో ప్రకటన వచ్చింది. ఒక వైపు దీపాల వరస ఆరింది, తర్వాత ఇంకో వరస, తర్వాత గోపురాలు. 1,670 మెగావాట్ల కొండ మీద చిమ్మచీకటి. అమావాస్యకు ముందు రాత్రి, చందమామ కూడా లేడు. సెల్‌ఫోను వెలిగించిన ఒక కుర్రాణ్ణి పక్కనున్న పెద్దావిడ "ఆర్పు నాయినా" అంది, వెంటనే ఆర్పేశాడు. లక్షల మంది చీకట్లో నిలబడి పంచాక్షరి అంటున్నారు. పైన శిఖరం మీద ఒక మనిషి, చేత్తో తడుముకుంటూ, గుడ్డ అంచు జారనీయకుండా, కాలు జారకుండా, తాతముత్తాతలు చెప్పిన కొలతల ప్రకారం పాగా చుడుతున్నాడు. అతను మాకు కనిపించడు. కనిపించకూడదనే ఈ చీకటి.

నేను కోరి వచ్చిన రెండు శక్తుల్లో ఒకటి రెండోదానికి దారి ఇచ్చి పక్కకు తప్పుకున్న ఘడియ అది. శ్రీశైలం మొత్తంలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించింది ఇదే. వెలిగించగల శక్తి ఉండి, ఒక నేతగాడి గౌరవం కోసం ఆర్పేయడం.

దీపాలు మళ్ళీ వెలిగేసరికి శిఖరం నుంచి నందుల మీదుగా తెల్లటి పాగా. "హర హర మహాదేవ" అన్న కేకకు నా పక్కనున్న కన్నడ ముసలావిడ ఏడ్చేసింది. భీముని కొలనులో చూసిన ఆవిడే.

ఆరో రోజు: సంగమేశ్వరం

తిరుగు దారిలో దోర్నాల మీదుగా ఆత్మకూరు చేరి, అక్కడి నుంచి కొత్తపల్లి వైపు సంగమేశ్వరం వెళ్ళాం. ఈ ఊరు చూడకుండా శ్రీశైలం కరెంటు గురించి మాట్లాడకూడదని చిన్నాన్న పట్టుబట్టాడు. ఆయన మాట సరైనదే.

ఏడు నదులు కలిసే చోటని ప్రసిద్ధి. వేపమొద్దే ఇక్కడ లింగం. జలాశయం నిండితే గుడి మొత్తం మునిగిపోతుంది, ఎండాకాలానికి నీళ్ళు దిగితే బయటపడుతుంది. మేము వెళ్ళేసరికి శిఖరం తేలింది, గుడి ఇంకా నీళ్ళలోనే ఉంది. పూజారిగారు పుట్టిలో వెళ్ళి శిఖరానికి పూజ చేసి వచ్చారు. ఆయనకు రోజూ నీటిమట్టం అడుగుల్లో నోటికి తెలుసు. ఎగువన ఎంత తోడారు, దిగువకు ఎంత వదిలారు అన్నదాన్ని బట్టి దేవుడు ఎప్పుడు బయటికొస్తాడో ఆయన లెక్కగడతారు. రాయలసీమ కాలువలకు నీళ్ళు అందాలంటే 854 అడుగులు ఉండాలని ఒక వాదన, కరెంటుకు అంతకన్నా కిందికి వాడాలని ఇంకో వాదన. ఆ రెండు వాదనల మధ్య దేవుడు మునుగుతూ తేలుతూ ఉన్నాడు.

ఈ జలాశయం కింద వంద దాకా ఊళ్ళు పోయాయి. లక్షకు తక్కువ కాకుండా జనం లేచిపోయారు. 1981లో ఇళ్ళను బుల్డోజర్లతో కూల్చి ఖాళీ చేయించారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం లాంటి గుడులను రాళ్ళకు నంబర్లు వేసి, విప్పి, అలంపురం తీసుకెళ్ళి తిరిగి కట్టారు. అది మెచ్చుకోవాల్సిన పని, ఎంతో ఓపికతో చేశారు. రాళ్ళకు పెట్టిన శ్రద్ధలో సగం మనుషులకు పెట్టి ఉంటే బాగుండేదని గట్టు మీద కూర్చున్న ఒక పెద్దాయన మాటల్ని బట్టి అర్థమైంది. ఆయనది మునిగిన ఊరు. "మాకు చేను పోయింది, సేద్యం పోయింది. ఇచ్చిన దుడ్లు ఇల్లు కట్టుకోనీకె కూడా సాల్లేదు. మా నాయిన ఆ దిగులుతోనే పోయినాడు" అన్నాడు. చెయ్యెత్తి నీళ్ళలోకి చూపిస్తూ తమ వీధి ఎక్కడ, బడి ఎక్కడ, చింతచెట్టు ఎక్కడ అన్నది చెప్పుకొచ్చాడు.

వీరశిరోమండపంలో తమ తలలు ఇచ్చుకున్న వీరులకు శాసనం ఉంది. మెట్లు వేయించిన రాణి పేరు మనకు తెలుసు. డ్యాము వంతెన మీద యాత్రికులు ఆగి ఫొటోలు తీసుకునే చోట సిద్ధేశ్వరం, సోమశిల, జటప్రోలు, మంచాలకట్ట, మల్లేశ్వరం, కూడవెల్లి, సంగమేశ్వరం అని మొదలుపెట్టి, మునిగిన ఊళ్ళ పేర్లన్నీ చెక్కిన రాతిపలక ఒకటి ఉండాలి. నాకు అక్కడ అలాంటిది కనిపించలేదు. రెండు రాష్ట్రాల విద్యుదుత్పత్తి సంస్థలు, అంటే జెన్‌కోలు కలిసి పెట్టొచ్చు, దేవస్థానమూ పెట్టొచ్చు. పెద్ద ఖర్చు కాదు.

గుడి పూర్తిగా బయటపడ్డాక కబురు చేస్తానని పూజారిగారు మా నంబర్లు రాసుకున్నారు. మునిగిన ఊరి పెద్దాయన కూడా తన నంబరు ఇచ్చి, ఆ సమయానికి వస్తే వాళ్ళ ఊరి పునాదులు నడిపించి చూపిస్తానన్నాడు. వేసవిలో వెళ్తున్నాం.